హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివితే రిసెప్షన్‌లో కూర్చోవాల్సిందేనా?

హన్మకొండ నుంచి ఒక అమ్మాయి అడిగింది: "బీఫార్మసీ చివరి ఏడాదిలో ఉన్నాను. హైదరాబాద్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ పీజీ చేయాలని ఉంది. నాన్న ఆర్టీసీలో పనిచేస్తారు, ఫీజుకు అప్పు చేయాలి. బంధువులేమో రెండేళ్లు చదివి రిసెప్షన్‌లో కూర్చుంటుందా అంటున్నారు. ఫ్రెండ్స్ మెడికల్ కోడింగ్ నేర్చుకోమంటున్నారు. డాక్టర్ కాకుండా ఈ లైన్‌లో పైకి రాగలనా?"

అమ్మా, నేను 2003 నుంచి హైదరాబాద్‌లో ఇదే పనిలో ఉన్నాను. పీజీ చేసి ట్రైనీగా చేరాను. ఇన్సూరెన్స్ డెస్క్ చూశాను, చాలా ఏళ్లు క్వాలిటీ విభాగంలో పనిచేశాను. ఇప్పుడు మూడు వందల పడకల ఆస్పత్రిలో ఆపరేషన్స్, అంటే రోజువారీ నిర్వహణ, నా బాధ్యత. ఏటా నీలాంటి పిల్లల్ని పది పదిహేను మందిని ఇంటర్వ్యూ చేస్తాను. నా కూతురిదీ నీ వయసే కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

మీ బంధువులు అన్నదాంట్లో సగం నిజం ఉంది. చేరిన మొదటి ఆరు నెలలు, ఒక్కోచోట ఏడాది, నువ్వు జనం ముందే ఉంటావు. అడ్మిషన్ కౌంటర్, ఫ్లోర్ కోఆర్డినేటర్, పేషెంట్ కేర్ ఎగ్జిక్యూటివ్, పేరు ఏదైనా సరే పేషెంట్ తరఫువాళ్లు వచ్చి అడిగేది నిన్నే. నేనూ అక్కడే మొదలుపెట్టాను. మావాళ్లూ ఇదే అన్నారు. కానీ ఆ నెలల్లో నేను నేర్చుకున్నది క్లాసులో రెండేళ్లు కూర్చున్నా రాలేదు. అదేంటో చెప్తే కోర్సు సంగతి తర్వాత సులువుగా అర్థమవుతుంది.

నేను చేరిన కొత్తలో మా సార్ చేతికి ఒక నోట్‌బుక్ ఇచ్చి, "ఈరోజు ఒక పేషెంట్‌ని పట్టుకో, డాక్టర్ ఇంటికి వెళ్లమన్నప్పటి నుంచి గేటు దాటేదాకా ఏం జరిగిందో టైముతో సహా రాయి" అన్నారు. నాకు దొరికింది నారాయణపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయి నాలుగో రోజు. పొద్దున తొమ్మిదిన్నరకు రౌండ్స్‌లో డాక్టర్ గారు, "బాగున్నారు, ఈరోజు ఇంటికి వెళ్లిపోండి" అన్నారు. ఆయన భార్య అప్పటికప్పుడు దుప్పటి మడత పెట్టి, టిఫిన్ క్యారియర్ కడిగి, సంచి సర్దుకుని స్టూల్ మీద కూర్చుంది. ఆ సంచి ఒళ్లోనే ఉంది, కింద పెట్టలేదు. ఇప్పుడో ఇంకాసేపటికో లేవాలి కదా అని.

డ్యూటీ డాక్టర్ దగ్గర ఆ పొద్దున పదకొండు ఫైళ్లు ఉన్నాయి. ఈయన డిశ్చార్జ్ సమ్మరీ రాయడానికి వంతు వచ్చేసరికి పదకొండూ నలభై. టైప్ అయిన కాగితం మీద సంతకం పెట్టాల్సిన పెద్ద డాక్టర్ గారు ఆపరేషన్ థియేటర్‌ (ఓటీ)లో ఉన్నారు, బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. వాడని ఇంజెక్షన్లు, సెలైన్ సీసాలు లెక్కపెట్టి ఫార్మసీకి వాపసు చేయాలి, అప్పుడుగానీ బిల్లు క్లోజ్ కాదు. సిస్టర్‌కి అదే సమయంలో రెండు కొత్త అడ్మిషన్లు వచ్చాయి. వార్డ్ బాయ్ మందులు తీసుకుని కిందికి వెళ్లేసరికి ఫార్మసీలో భోజనాల వేళ. బిల్లింగ్‌లో ఒక రక్త పరీక్ష రెండుసార్లు పడింది, దాన్ని సరిచేయడానికి ల్యాబ్ నుంచి మనిషి రావాలి. చివరికి బిల్లు చేతికొచ్చేసరికి నాలుగు. అది వాళ్లు అనుకున్నదానికంటే ఏడు వేలు ఎక్కువ. ముందురోజు ఎవరూ చెప్పలేదు. కొడుకు ఫోన్లు చేసి, మలక్‌పేటలో ఎవరో బంధువు దగ్గరికి వెళ్లి డబ్బు తెచ్చాడు. గేట్ పాస్ చేతికి వచ్చింది ఆరూ పదికి. ఇమ్లీబన్‌లో వాళ్లు ఎక్కాలనుకున్న బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

రాత్రి హాస్టల్‌లో కూర్చుని నోట్‌బుక్‌లో లెక్క వేశాను. ఎనిమిది గంటల నలభై నిమిషాల్లో ఆ పెద్దాయన కోసం ఎవరో ఒకరు నిజంగా చేసిన పని యాభై రెండు నిమిషాలు. మిగతాదంతా ఎదురుచూపు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. డాక్టర్ ఇంకొకరి ప్రాణం చూస్తున్నారు, సిస్టర్ కొత్త పేషెంట్‌ని చూస్తోంది, ఫార్మసీ కుర్రాడు అన్నం తింటున్నాడు. ఎవరి పని వాళ్లు చేస్తున్నారు. ఆ పనులన్నిటినీ ఒకదానికొకటి ముడివేసే మనిషి మాత్రం లేడు. ఆ ముడి వేయడమే హాస్పిటల్ మేనేజ్‌మెంట్. రిసెప్షన్‌లో కూర్చున్నా, మేనేజింగ్ డైరెక్టర్ పక్క గదిలో కూర్చున్నా పని అదే.

తర్వాత మేం చేసినవి చాలా చిన్న మార్పులు. రేపు పంపిస్తామని సాయంత్రం రౌండ్స్‌లోనే డాక్టర్ చెప్పేయాలి. సమ్మరీ రాత్రి డ్యూటీలోనే తయారైపోవాలి. రేపటికి అక్కర్లేని మందులు ఆ రాత్రే వాపసు వెళ్లాలి. అప్పటివరకు అయిన బిల్లు సాయంత్రం ఏడింటికల్లా ఇంటివాళ్ల చేతిలో ఉండాలి, డబ్బు సర్దుకోవడానికి రాత్రంతా టైమ్ ఉంటుంది. రాయడానికి నాలుగు వాక్యాలే. డాక్టర్లను ఒప్పించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఆస్పత్రికి దీనివల్ల ఏం లాభమని యాజమాన్యం అడుగుతుంది. అప్పుడు లెక్క చెప్పగలగాలి. రెండు వందల పడకలు నిండుగా నడుస్తున్నాయనుకో. నెలకు ఆరు వేల పడక రోజులు. ఒక్కో పేషెంట్ సగటున నాలుగు రోజులు ఉంటే నెలకు 1,500 మందికి వైద్యం చేయొచ్చు. డిశ్చార్జ్ ఆరు గంటలు ఆలస్యమైతే ఆ నాలుగు రోజులు నాలుగుంపావు అవుతాయి. అప్పుడు పట్టేది 1,411 మంది. అంటే దాదాపు తొంభై మంది పడక దొరక్క ఎమర్జెన్సీ బయట స్ట్రెచర్ మీద ఉంటారు, లేదా ఇంకో ఆస్పత్రికి వెళ్లిపోతారు. ఈ లెక్క నా ఇంటర్వ్యూలో అడుగుతాను. ఎంబీఏ గోల్డ్ మెడల్ ఉన్నవాళ్లు కూడా తడబడతారు, ఫ్లోర్ మీద తిరిగినవాళ్లు టక్కున చెప్తారు.

ఈ లైన్‌లో ఉద్యోగాలు ఎందుకు పెరిగాయో కూడా తెలుసుకో, ఎందుకంటే అది రేపు ఎటు పోతుందో చెప్తుంది. నేను చేరినప్పుడు చాలా ఆస్పత్రుల్లో మేనేజర్ అంటే యజమాని బావమరిదో, రిటైరైన బ్యాంకు ఉద్యోగో. జూబ్లీహిల్స్ అపోలో 1988లో మొదలైంది. ఆ తర్వాత ఊళ్లో పెద్ద ఆస్పత్రులు ఒక్కొక్కటే వచ్చినా మాలాంటి వాళ్ల అవసరం పెద్దగా ఉండేది కాదు. 2005లో ఎన్ఏబీహెచ్ వచ్చింది, ఆస్పత్రుల నాణ్యతను చూసి గుర్తింపు ఇచ్చే బోర్డు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ రెంటితో అంతా మారిపోయింది. ఒక్కో ఆపరేషన్‌కి ప్యాకేజీ ధర ఇంత అని ముందే ఖాయమైపోతే, ఆ ధరలో పని ఎలా చేయాలో లెక్క వేసేవాడు కావాలి. ముందస్తు అనుమతి కోసం రిపోర్టులు, ఫొటోలు అప్‌లోడ్ చేసేవాడు కావాలి. గుర్తింపు కావాలంటే ప్రతి పనికీ రాతపూర్వక పద్ధతి ఉండాలి, దాన్ని రాసేవాడు, నడిపేవాడు కావాలి. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలు అయింది. 2021లో కిమ్స్, 2022లో రెయిన్‌బో స్టాక్ మార్కెట్‌లోకి వెళ్లాయి. వాటాదారులకు మూడు నెలలకోసారి లెక్క చెప్పాల్సిన ఆస్పత్రి బావమరిదితో నడవదు. కరీంనగర్, నిజామాబాద్‌లాంటి చోట్లా కార్పొరేట్ ఆస్పత్రులు వచ్చాయి. నువ్వు చదివింది హైదరాబాద్‌లోనే అయినా ఉద్యోగం మీ ఊరి దగ్గరే దొరికే రోజులివి.

ఇక చదువు సంగతి. ఒకే పనికి దారితీసే డిగ్రీలకు రకరకాల పేర్లున్నాయి, అందుకే పిల్లలు కంగారుపడతారు. జూబ్లీహిల్స్‌లోని అపోలో ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ (ఎంహెచ్ఎం) ఉంది, అది ఉస్మానియా యూనివర్సిటీకి అనుబంధం. పంజాగుట్ట నిమ్స్‌లోనూ ఎంహెచ్ఎం ఉంది. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏలోనే హెల్త్‌కేర్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ పెట్టింది. ఫీజు భయం ఉన్న నీలాంటివాళ్లు ముందు చూడాల్సినవి నిమ్స్, సెంట్రల్ యూనివర్సిటీ. రాష్ట్రం దాటగలిగితే ముంబైలో టిస్, జైపూర్‌లో ఐఐహెచ్ఎంఆర్ పేరున్నవి. ఖైరతాబాద్‌లోని ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ) ఇచ్చే పీజీ డిప్లొమా ఉద్యోగంలో ఉన్నవాళ్లకు బాగుంటుంది, ఇప్పుడే నీకు కాదు. జనం ఆరోగ్యం, ప్రభుత్వ పథకాలు, సర్వేల మీద ఇష్టం ఉంటే ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) అనే వేరే దారి ఉంది. హైదరాబాద్‌లోనే ఐఐపీహెచ్ అనే ప్రజారోగ్య సంస్థ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో కూడా ఆ కోర్సు ఉంది. అది ఆస్పత్రి నడిపే చదువు అనుకుని చేరి తర్వాత బాధపడిన పిల్లల్ని చూశాను. ఎండీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ అని ఇంకోటి కనిపిస్తుంది, అది ఎంబీబీఎస్ చేసినవాళ్లకే.

ఐసెట్ రాసి ఊళ్లో ఏదో ఒక కాలేజీలో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఎలెక్టివ్‌తో ఎంబీఏ చేయొచ్చా అని నువ్వు తప్పకుండా అనుకుంటావు. చేయొచ్చు, ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత ఉంటే భారం కూడా తగ్గుతుంది. కానీ చేరేముందు కాలేజీకి వెళ్లి ఒక ప్రశ్న అడుగు: మీ పిల్లలు ఎన్ని నెలలు, ఏ ఆస్పత్రిలో, ఏ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తారు? సూటిగా జవాబు రాకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయి. ప్లేస్‌మెంట్ వంద శాతం అనే బోర్డు చూసి మోసపోకు. పోయినేడు పాసైనవాళ్లలో ఇద్దరి నంబర్లు అడిగి తీసుకుని, వాళ్లకు ఫోన్ చేసి జీతం, పని ఏమిటో తెలుసుకో. నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు, రెండేళ్ల కోర్సులో ఆస్పత్రిలో గడిపింది పదిహేను రోజులట, అదీ మార్కెటింగ్ ఆఫీసులో. తెలివైనవాడు, తప్పు అతనిది కాదు. కానీ సీఎస్ఎస్‌డీ ఎక్కడుంటుందో, అక్కడ ఆపరేషన్ పరికరాలను ఎలా శుభ్రం చేస్తారో అతను చూడనేలేదు. సొంత ఆస్పత్రి ఉన్న సంస్థలో చదివితే ఈ ఇబ్బంది ఉండదు. నిమ్స్ మంచిదని నేను చెప్పడానికి కారణం కూడా అదే. ప్రభుత్వ ఆస్పత్రి రద్దీలో ఒక ఏడాది నిలబడినవాళ్లు తర్వాత ఎక్కడైనా నిలబడతారు.

నువ్వు బీఫార్మసీ అన్నావు. ఇది నీకు చాలా పెద్ద బలం, నీకే ఇంకా తెలియదేమో. ఆస్పత్రి ఖర్చులో జీతాలతో పాటు బరువైనవి మందులు, ఇంప్లాంట్లు, సర్జికల్ సామాన్లే. కొనుగోళ్ల విభాగంలో మందు గురించి తెలిసినవాళ్లు తక్కువ. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు కేంద్రం గరిష్ఠ ధర పెట్టినప్పుడు, అదే ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు పెట్టినప్పుడు చాలా ఆస్పత్రుల లెక్కలు ఒక్క రాత్రిలో తలకిందులయ్యాయి. అప్పుడు మా స్టోర్స్‌లో ఉన్న ఒక బీఫార్మసీ అమ్మాయి పాత స్టాక్, కొత్త ధర, తయారీదారుకు వాపసు పంపాల్సినవి అన్నీ మూడు రోజుల్లో విడదీసి ఇచ్చింది. ఆమె ఇప్పుడు అదే గ్రూపులో కొనుగోళ్లన్నీ చూస్తోంది. క్వాలిటీలో కూడా మందుల తప్పులు పెద్ద సబ్జెక్ట్. పేర్లు దగ్గరగా ఉండే మందులు, ఒకేలా కనిపించే యాంప్యూల్స్, వీటిని పక్కపక్క అరల్లో పెట్టకుండా చూడటం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

క్వాలిటీ పని నాకు అన్నిటికంటే ఇష్టం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. బయట చాలామంది అది ఫైళ్లు నింపే పని అనుకుంటారు. ఒక రాత్రి రెండింటికి నేను వార్డుల్లో చెత్త డబ్బాలు చూడటానికి వెళ్లాను. 2016 రూల్స్ ప్రకారం రక్తం అంటిన దూది, బ్యాండేజీలు పసుపు సంచిలో, గ్లోవ్స్, సెలైన్ ట్యూబులు ఎర్ర సంచిలో, సూదులు తెల్లటి గట్టి డబ్బాలో, గాజు సీసాలు నీలం డబ్బాలో వేయాలి. ఆ రాత్రి పసుపు సంచిలో ఒక సూది దొరికింది. పొద్దున ఆ సంచి ముడి కట్టి మోసుకెళ్లేది మా ఆయమ్మ, ఆమె చేతికి ఉండేది పల్చటి గ్లోవ్. ఎవరు వేశారని వెతికి తిట్టడం తేలిక. సూదులు వేసే డబ్బా మంచానికి ఎంత దూరంలో ఉందో అడుగులు లెక్కపెట్టాను. పంతొమ్మిది అడుగులు. ఒక చేతిలో ట్రే, ఇంకో చేతిలో వాడిన సిరంజి పట్టుకుని సిస్టర్ రాత్రికి నలభైసార్లు పంతొమ్మిది అడుగులు నడవాలి. మర్నాడు ఆ డబ్బాను ఇంజెక్షన్ ట్రాలీకే బిగించాం. తర్వాత రెండు నెలలు రోజూ చూశాను, మళ్లీ పసుపు సంచిలో సూది రాలేదు. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో దీనికి ఏదో పెద్ద పేరు ఉంటుంది. నాకు మాత్రం ఆయమ్మ చేతులు గుర్తుంటాయి.

ఇన్సూరెన్స్ డెస్క్ టెన్షన్ ఉన్న చోటు, నేర్చుకోవడానికి అంత మంచి చోటు ఇంకోటి లేదు. క్యాష్‌లెస్, అంటే బిల్లు నేరుగా బీమా కంపెనీయే కట్టే పద్ధతి, అడిగిన పేషెంట్‌కి అనుమతి గంటలో, డిశ్చార్జ్ సమయంలో చివరి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశం ఇచ్చింది. మూడు గంటలు దాటితే ఆ అదనపు ఖర్చు బీమా కంపెనీదే. రూల్ మంచిదే, కానీ నువ్వు పంపిన కాగితాల్లో ఒక్కటి తక్కువైతే కంపెనీ క్వెరీ పెడుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. జబ్బు, పాలసీ, బిల్లు మూడూ ఒకేసారి చదవగలిగిన మనిషికి ఆస్పత్రిలోనే కాదు, బీమా కంపెనీల్లో, వాటి తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏల్లో కూడా మంచి డిమాండ్ ఉంది. ఏడాదిన్నర ఈ డెస్క్ మీద ఉన్నవాళ్లను నేను ఏ డిపార్ట్‌మెంట్‌కైనా కళ్లు మూసుకుని తీసుకుంటాను.

మార్కెటింగ్ గురించి జాగ్రత్త చెప్పాలి. ఫ్రెషర్లకు ముందుగా, కొంచెం ఎక్కువ జీతంతో దొరికేది ఇదే. హెల్త్ క్యాంపులు, కంపెనీలతో ఒప్పందాలు, జిల్లాల్లో డాక్టర్లను కలవడం, ఇవన్నీ గౌరవమైన పనులే. కానీ కొన్ని చోట్ల పేషెంట్‌ని పంపినందుకు డబ్బు పంచే పనిని కూడా దీని పేరుతోనే చేయిస్తారు. నేను ఒకప్పుడు పనిచేసిన ఆస్పత్రిలో నెలాఖరుకు కవర్ల లిస్ట్ తయారుచేయమని నాకే చెప్పారు. రిఫర్ చేసినందుకు కమీషన్ తీసుకోవడం, ఇవ్వడం 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలోనే తప్పు. ఆ కవర్ డబ్బు చివరికి పేషెంట్ బిల్లులోనే తేలుతుంది. ఆ ఉద్యోగం నేను మూడు వారాల్లో వదిలేశాను, ఇంకోటి దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంట్లో అప్పు ఉన్న నీకు ఆ నాలుగు నెలలు కష్టంగా ఉంటాయని తెలుసు. అందుకే చేరేముందే అడుగు, నా టార్గెట్ ఏమిటి, దాన్ని ఎలా సాధించాలి అని. జవాబు చెప్పేవాళ్ల మొహం చూస్తే నీకే తెలుస్తుంది.

ఇలాంటిదే ఇంకోటి. బిల్లు కట్టలేదని మృతదేహాన్ని ఇవ్వకుండా ఆపమని ఒక రాత్రి డ్యూటీలో నాకు ఫోన్ వచ్చింది. బయట తల్లి ఏడుస్తోంది. నేను ఆపలేదు. తెల్లారి సంజాయిషీ ఇవ్వాల్సి వచ్చింది. అప్పట్లో నా దగ్గర చూపించడానికి కాగితం ఏదీ లేదు. ఇప్పుడు జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ఉంది. అందులోని పదిహేడు హక్కుల్లో డిశ్చార్జ్ పొందే హక్కు, మృతదేహాన్ని తీసుకెళ్లే హక్కు స్పష్టంగా ఉన్నాయి. కోర్సులో దీన్ని ఒక పేజీలో చెప్పి వదిలేస్తారు. నువ్వు మొత్తం చదువు, కంఠస్థం చేసుకో. ఏదో ఒక రాత్రి అవసరపడుతుంది.

మెడికల్ కోడింగ్ మాట. అది మంచి పనే, హైదరాబాద్‌లో కంపెనీలు చాలా ఉన్నాయి, కొన్ని నెలల శిక్షణతో ఉద్యోగం రావచ్చు, కోడర్లకు ఇచ్చే సీపీసీ సర్టిఫికెట్ ఉంటే జీతమూ బాగుంటుంది. కానీ రెండూ ఒకటి కాదు. అక్కడ నువ్వు అమెరికా ఆస్పత్రుల రికార్డులు చదివి జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేస్తావు, రోజంతా స్క్రీన్ ముందు. మనుషులతో మాట్లాడకుండా, నిశ్శబ్దంగా, కచ్చితంగా చేసే పని ఇష్టమైనవాళ్లకు బాగా నప్పుతుంది. ఇంట్లో డబ్బు అత్యవసరమైతే రెండేళ్లు కోడింగ్ చేసి, అప్పు తీర్చి, తర్వాత పీజీకి రావడంలో తప్పేమీ లేదు. అలా వచ్చిన ఇద్దరు నా టీమ్‌లోనే ఉన్నారు, రికార్డులు చదవడంలో వాళ్లకు సాటి లేదు.

జీతం దాచకుండా చెప్తాను. నేను చూస్తున్నంతలో హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఈ పీజీతో చేరినవాళ్లకు మొదట నెలకు 18 వేల నుంచి 25 వేల మధ్య వస్తుంది. పేరున్న సంస్థల నుంచి వచ్చినవాళ్లకు, కన్సల్టింగ్, హెల్త్ ఐటీ వైపు వెళ్లినవాళ్లకు ఎక్కువ. హాస్టల్, బస్సు, భోజనం పోను మొదటి రెండేళ్లు మిగిలేది తక్కువే. కాబట్టి ఎనిమిది పది లక్షలు అప్పు చేసి చేరే కోర్సు నీ పరిస్థితికి తగదు. రెండు మూడు లక్షల్లో అయ్యే చోటు దొరికితే చేరు, లేదంటే ఏడాది ఆగి మళ్లీ ఎంట్రెన్స్ రాయి. నాలుగైదేళ్లకు అసిస్టెంట్ మేనేజర్, మేనేజర్ స్థాయికి వస్తే జీతం చెప్పుకోదగ్గదిగా మారుతుంది. ఆ దశ దాటాలంటే ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఉండిపోకుండా కనీసం మూడింట్లో పనిచేసి ఉండాలి.

డాక్టర్ కాకుండా ఎంతవరకు వెళ్లగలవు అన్నావు. మెడికల్ సూపరింటెండెంట్, మెడికల్ డైరెక్టర్ కుర్చీలు డాక్టర్లవి, అవి వాళ్లకే ఉండాలి కూడా. గాంధీ, ఉస్మానియా, నీలోఫర్ లాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లో సూపరింటెండెంట్‌గా వచ్చేది సీనియర్ డాక్టరే. ప్రభుత్వంలో నీకు దొరికేవి ఎక్కువగా జాతీయ ఆరోగ్య మిషన్, ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో కాంట్రాక్ట్ ఉద్యోగాలు, పర్మనెంట్ అవుతుందని నమ్మి చేరకు. ప్రైవేటులో మాత్రం ఆపరేషన్స్ హెడ్, యూనిట్ హెడ్, సీఓఓ (చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్) వరకు దారి తెరిచే ఉంది. డాక్టర్ కానివాళ్లు ఆ కుర్చీల్లో చాలామంది ఉన్నారు. పైన డాక్టర్‌కి ఏం చెప్పాలన్నా నీ చేతిలో కొలిచిన అంకె ఉండాలి. "సార్, ఓటీ పొద్దున లేటవుతోంది" అంటే ఎవరూ వినరు. "సార్, పోయిన నెల మొదటి కేసు ఇరవై ఆరు రోజుల్లో పద్దెనిమిది రోజులు ముప్పావుగంట ఆలస్యంగా మొదలైంది, అందులో పదకొండుసార్లు కారణం మత్తు డాక్టర్ ముందురోజు పేషెంట్‌ని చూడకపోవడం" అంటే కుర్చీ ముందుకు జరుపుకుని వింటారు.

మీ అమ్మానాన్నలకు ఉండే ఇంకో భయం నువ్వు అడగలేదు కానీ చెప్తాను, నైట్ డ్యూటీ. మొదట్లో ఉంటుంది. ఆదివారాలు, పండగలు కూడా. బతుకమ్మ నాడు డ్యూటీ పడ్డ ఏళ్లు నాకూ ఉన్నాయి. రాత్రి డ్యూటీ తర్వాత క్యాబ్ ఇస్తారా, లేదా పడుకోవడానికి చోటు ఉందా అని చేరేముందు అడగడానికి మొహమాటపడకు. ఈ ఒక్క విషయంలో ఆస్పత్రికీ ఆస్పత్రికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు నీ చేతిలో ఉన్న పని ఒకటుంది. చివరి ఏడాది ప్రాజెక్ట్ ఇంకా ఖాయం కాకపోతే మీ గైడ్‌ని అడిగి హన్మకొండలోనే ఏదైనా ఆస్పత్రి ఫార్మసీలో పెట్టించుకో. నేను పైన చెప్పానే, వాడని మందుల వాపసు, దాన్నే తీసుకో. ముప్పై మంది పేషెంట్లకు, సిస్టర్ లెక్కపెట్టడం మొదలుపెట్టిన నిమిషం నుంచి బిల్లులో తగ్గింపు పడే నిమిషం దాకా రాయి. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో పక్కన రాయి. మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలు నిలబడి కాళ్లు నొప్పిపుట్టాక కూడా మళ్లీ రేపు వెళ్లాలనిపిస్తే పీజీ దరఖాస్తు నింపు. ఆ ముప్పై మంది కాగితం జాగ్రత్తగా దాచుకుని ప్రతి ఇంటర్వ్యూకి తీసుకెళ్లు. నా దగ్గరికి వచ్చినా సరే, నేను మార్కుల మెమో కంటే ముందు అదే అడిగి చూస్తాను.